ఫాల్ కుట్టించాకే చీర చేతికివ్వండి

ప్రశ్న: మేం సికింద్రాబాద్‌లో ఉంటాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఈ క్రిస్మస్‌కి తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్ళో అందరం కలుస్తున్నాం. ఆ ఇంట్లో మామ్మగారు (మామయ్యగారి అమ్మ, 82 ఏళ్ళు), మామయ్యగారు (ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు, షుగరుంది), అత్తయ్యగారు (మోకాళ్ళ నొప్పులు) ఉంటారు. డాలస్ నుంచి మా మరిది, తోటికోడలు నాలుగేళ్ళ పాపతో, పది నెలల బాబుతో వస్తున్నారు. ఒంగోలు నుంచి ఆడపడుచు వాళ్ళు వస్తారు. ఆమె నర్సు. కూతురు హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతోంది, కొడుక్కి తొమ్మిదేళ్ళు. మాకు పన్నెండేళ్ళ పాప.

పోయినేడాది అత్తయ్యగారికి గాజు డిన్నర్ సెట్టు కొన్నాను. విప్పకుండానే అటకెక్కింది. పైగా మా ఆడపడుచు "ఎందుకొదినా ఇంత శ్రమ పడ్డావు" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. మా మరిది వాళ్ళు సూట్‌కేసు విప్పితే ఇల్లంతా సెంటు వాసనే. చాక్లెట్లు, పెర్ఫ్యూములు, పిల్లలకి ట్యాబులు. వాటి పక్కన మావి పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది. నా దగ్గర రూ.15,000 ఉన్నాయి. అందరికీ సమానంగా పంచాలా? ఎవరికేం కొనాలి? ఇంకోటి, అడగడానికి సిగ్గుగా ఉంది. మా గృహప్రవేశానికి వచ్చిన గిఫ్టులు కొన్ని విప్పకుండా అలాగే ఉన్నాయి. అవి ఎవరికైనా ఇచ్చేస్తే తప్పా?

సమాధానం:

ముందు ఆ డిన్నర్ సెట్టు అటక మీదికి ఎందుకెళ్ళిందో చూద్దాం. అది చెడ్డ వస్తువేం కాదు. కానీ మీ అత్తయ్యగారి ఇంట్లో రోజూ తినేది స్టీలు కంచాల్లో అయ్యుంటుంది. గాజు ప్లేట్లంటే పెట్టుకోవడానికి అలమరాలో చోటు చూడాలి, పనమ్మాయికి అప్పజెబితే పగులుతాయేమోనని తనే సింకు దగ్గర నిలబడి తోముకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మీరు ఇంకో పని అంటగట్టారన్నమాట. ఆవిడ దాన్ని జాగ్రత్తగా అటక మీద పెట్టారంటే మీ మీద కోపంతో కాదు, ఆ పని తప్పించుకోవడానికి. మీ ఆడపడుచు మాట కూడా బహుశా అందుకే వచ్చింది. తల్లి సంగతి ఆమెకి మీకంటే ఎక్కువ తెలుసు కదా.

కాబట్టి ఈసారి షాపుకి వెళ్ళేముందు ప్రతి మనిషి గురించీ రెండు విషయాలు ఆలోచించుకోండి. ఈ వస్తువు ఆ ఇంట్లో ఎక్కడుంటుంది? దాన్ని వాడుకలోకి తెచ్చే పని ఎవరి నెత్తిన పడుతుంది? ఆ పని తీసుకునేవాళ్ళ మీద పడేటట్టుంటే, అది మీరే పూర్తి చేసి ఇవ్వండి. మీకు డబ్బు తక్కువున్నా పనికొచ్చేది ఇదే. డాలస్ నుంచి వచ్చేవాళ్ళకి ఈ పనులు చేసే వీలుండదు. మీకుంది.

చీర సంగతే తీసుకోండి. మన ఇళ్ళలో క్రిస్మస్ అంటే కొత్త బట్టలే. అత్తయ్యగారికి కొడుకులిద్దరూ కూతురూ తలా ఒక చీర తెస్తారు. 24వ తేదీ సాయంత్రం మూడు కవర్లు చేతిలో పెడతారు. ఒక్కదానికీ ఫాల్ ఉండదు, పీకో ఉండదు, జాకెట్టు ముక్క చీరకే వేలాడుతుంటుంది. మర్నాడు పొద్దున చర్చికి ఆవిడ కట్టుకునేది పోయినేడాది చీరే! ఈసారి మీ ఆడపడుచుకి ఫోన్ చేసి ముగ్గురూ కలిసి ఒక్కటే చీర కొందామని చెప్పండి. మామయ్యగారితో మాట కలిపి, అత్తయ్యగారికి బాగా కుదిరిన పాత జాకెట్టొకటి ఆదికి తెప్పించండి. ఊళ్ళో ఆవిడ మామూలుగా కుట్టించుకునే టైలరు దగ్గరే ఇప్పిస్తే ఇంకా మంచిది. ఆ టైలరుకి ఆవిడ కొలతలూ తెలుసు, మెడ ఎంత లోతుండాలో, చేతులు ఎంత పొడవుండాలో కూడా తెలుసు. ఇదంతా డిసెంబర్ మొదటి వారంలోపే అయిపోవాలి. గుంటూరు, తెనాలి వైపు టైలర్లు పదో తేదీ దాటితే ఒప్పుకోవడం కష్టం. ఒప్పుకున్నా 24వ తేదీ రాత్రి పదకొండింటికి గుండీలు లేకుండా ఇస్తారు.

ఏ చీర అంటారా? మంగళగిరి కాటన్ బాగుంటుంది, పెద్దవాళ్ళ ఒంటి మీద బరువనిపించదు. సన్న జరీ నిజాం అంచుదైతే చర్చికీ పనికొస్తుంది. కాకపోతే ఒకటి చూసుకోండి. ఆ ఇంట్లో గంజి పెట్టి ఇస్త్రీ చేసేవాళ్ళెవరూ లేకపోతే కాటన్ చీర కూడా డిన్నర్ సెట్టు దారే పడుతుంది. అప్పుడు నలగని రకం ఏదైనా తీసుకోండి. చేనేత మీద మనకెంత ప్రేమున్నా కట్టుకునేది ఆవిడ.

చీర కాక, అత్తయ్యగారికి అసలు కావలసింది ఇంకొకటుందని నా అనుమానం. డిసెంబర్ 22 నుంచి 26 దాకా ఆవిడ ఎక్కడుంటారు? పొయ్యి దగ్గర. ఇంటి మనుషులే పద్నాలుగు మంది, మధ్యలో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ రౌండ్స్‌కి వచ్చే కుర్రాళ్ళు, అర్ధరాత్రి వాళ్ళకి టీలు. మీ పదిహేను వేలల్లో మూడు వేలు దీనికి తీసి పక్కన పెట్టండి. ఆ ఐదు రోజులూ గిన్నెలు తోమడానికి, కూరలు తరగడానికి ఊళ్ళో ఎవరినైనా మాట్లాడండి. 25 మధ్యాహ్నం బిర్యానీ బయట చెప్పేయండి. అయితే ఒక జాగ్రత్త. "మీరు కూర్చోండి అత్తయ్యా, అన్నీ మేం చూసుకుంటాం" అని వంటింట్లోంచి పంపేస్తే కొందరు అత్తగార్లకి అది గిఫ్టులా ఉండదు, ఉద్యోగంలోంచి తీసేసినట్టుంటుంది. ఆవిడ అరిసెలకి ఊళ్ళో పేరుందనుకోండి, అరిసెలు ఆవిడవే. బియ్యం నానబోసి పిండి పట్టించుకురావడం, నూనె మూకుడు దగ్గర నిలబడటం, చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తడం మీ పని. పాకం వచ్చిందో లేదో పళ్ళెంలో నీళ్ళు పోసి, వేళ్ళతో ఉండకట్టి చూసి చెప్పడం ఆవిడ పని. కుర్చీలో కూర్చుని చెప్పొచ్చు. జంతికలు, కజ్జికాయలు మాత్రం మొహమాటపడకుండా కొనేయండి.

మామ్మగారికి అందరూ చెప్పేది పెద్ద అక్షరాల బైబిలు. ఆలోచన మంచిదే. కానీ షాపులో దాన్ని ఒకసారి ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు కూర్చుని చూడండి. అక్షరం పెద్దదయ్యే కొద్దీ పుస్తకం లావవుతుంది. 82 ఏళ్ళ చేతులు దాన్ని మోయలేవు, చివరికి టేబులు మీద అలంకారంగా ఉండిపోతుంది. క్రొత్త నిబంధన, కీర్తనల గ్రంథం కలిపి పెద్ద అక్షరాల్లో విడిగా దొరికితే అది తీసుకోండి. లేదా బైబిలుతోపాటు పుస్తకం ఆనించుకునే చెక్క స్టాండు కొనండి.

నన్నడిగితే మామ్మగారికి వినే వస్తువు ఇవ్వమంటాను. పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకర్లు వెయ్యి, పదిహేను వందల్లో వస్తాయి. బటన్లు తక్కువున్నది, పెద్దవున్నది చూడండి. పెన్‌డ్రైవ్‌లో సంఘంలో పాడే పాత కీర్తనలు, ఆవిడకిష్టమైన వాక్యభాగాలు ఎక్కించండి. మూడు వందల పాటలు పోసేయకండి. పాతిక చాలు, లేకపోతే కావలసింది దొరకక విసుగొస్తుంది. ఆన్ చేసే బటన్ మీద ఎర్ర గోళ్ళ రంగు ఒక చుక్క పెట్టండి. సౌండు పెంచేదాని మీద ఇంకో రంగు. ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఇంట్లో ఎవరిదో ముందే తేల్చండి. మామయ్యగారికి అప్పజెబితే రాత్రి పడుకునేముందు ఆయన ఫోనుతోపాటు అదీ పెడతారు. అన్నిటికంటే ముఖ్యం, మొదటి పాట మనవలు, మునిమనవలు పాడింది ఉండాలి. మీ పాప ఫోన్లో రికార్డు చేసి ఒంగోలుకీ, డాలస్‌కీ వాట్సాప్‌లో పంపి తలా ఒక చరణం పాడించి తెప్పించుకోగలదు. డాలస్ పాప తెలుగు ముద్దముద్దగా పలికితే ఇంకా బాగు. పన్నెండేళ్ళ పిల్లకి ఈ పని అప్పగిస్తే ఆ నెలంతా ఆమె ఫోను చూస్తోందని మీరు కేకలు వేయక్కర్లేదు కూడా.

మామయ్యగారికి చొక్కాలు వద్దు. రిటైరైన మగవాళ్ళ బీరువాల్లో విప్పని చొక్కాల డబ్బాలుంటాయి, ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. ఆయన కళ్ళజోడు చూడండి. కాడ వదులై దారం కట్టి ఉందా, గీతలు పడ్డాయా? షుగరున్నవాళ్ళకి చూపు మారుతుంటుంది, ఏటా కంటి డాక్టరుకి చూపించాలి. ఊళ్ళో దిగిన రెండో రోజే తెనాలి తీసుకెళ్ళి పరీక్ష చేయించి కొత్త కళ్ళజోడు ఇప్పించడం ఏ చొక్కా కంటేనైనా మేలు. క్రిస్మస్ నాటికి చేతికందకపోయినా ఫర్వాలేదు. దానితోపాటు చిన్నదొకటి. ఆయన ఖాకీ డ్రెస్సులో బస్సు పక్కన నిలబడ్డ పాత ఫొటో ఇంట్లో ఏదో ఆల్బంలో ఉండే ఉంటుంది. దాన్ని స్టూడియోలో స్కాన్ చేయించి, మరకలు తీయించి, పెద్దది చేయించి ఫ్రేము కట్టించండి. వసారాలో కనబడే గోడకి మేకు కూడా మీరే కొట్టండి. మేకు కొట్టని ఫ్రేములు మంచం కింద ఉంటాయి. ఇక షుగరున్న మనిషికి డ్రై ఫ్రూట్ డబ్బాలు, కేకులు గిఫ్టుగా ఇచ్చి ఆ తర్వాత తినొద్దని చేతిలోంచి లాక్కోవడం ఎవరు కనిపెట్టారో గానీ, అది మానేద్దాం.

ఇప్పుడు పిల్లలు. ఇక్కడ మాత్రం మీరడిగిన "సమానంగా" అన్న లెక్క వర్తిస్తుంది. పెద్దవాళ్ళకి ఎవరికెంత పెట్టారో ఎవరూ లెక్క వేయరు, వేసినా పైకి అనరు. తొమ్మిదేళ్ళవాడు వేస్తాడు, అందరి ముందూ అంటాడు. అందుకని పెద్ద పిల్లలు ముగ్గురికీ కలిపి ఒకటే పెద్ద వస్తువు కొనండి. క్యారమ్స్ బోర్డు కొనమని నా సలహా. బొమ్మల షాపుల్లో దొరికే చిన్న బోర్డు కాదు, ఆట స్థలం 29 అంగుళాలుండే అసలు సైజుది. చిన్న బోర్డు మీద కాయిన్ కొడితే మళ్ళీ కొట్టినవాడి దగ్గరికే వస్తుంది, రెండు రోజుల్లో మూలపడుతుంది. పెద్దదైతే మామయ్యగారు, మీ మరిది, మీవారు కూడా కూర్చుంటారు. బోరిక్ పౌడరు, మంచి స్ట్రైకరు విడిగా కొనండి. బోర్డుతో వచ్చే స్ట్రైకరు చాలాసార్లు తేలిగ్గా ఉంటుంది. దీన్ని సికింద్రాబాద్‌లో కొని రైల్లో మోసుకెళ్ళకండి, తెనాలిలోనే తీసుకోండి. పౌడరు డబ్బా మాత్రం ఆట అయ్యాక ఎత్తుగా పెట్టండి, ఇంట్లో పాకే బాబున్నాడు.

ఇంటర్ పాప విషయంలో ఇంకొంచెం ఆలోచించాలి. జేఈఈ మెయిన్ అయితే జనవరిలో, ఆ వెనకే ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. హాస్టల్ నుంచి రెండు మూడు రోజుల సెలవు మీద వస్తుంది. ఆ పిల్లకి పెన్నుల సెట్టు, డైరీ, టేబుల్ ల్యాంపు, ఇలా చదువు గుర్తొచ్చే వస్తువు ఒక్కటీ ఇవ్వకండి. హాస్టల్ పిల్లలకి రోజూ పనికొచ్చేవి వేరే ఉంటాయి. వెచ్చటి మెత్తటి దుప్పటి, పెట్టెకి మంచి తాళం, రూమ్మేట్లతో పంచుకునేంత కారప్పూస, సున్నుండలు. దుప్పటి ఇవ్వండి, కవర్లో ఐదొందలు పెట్టి తనకిష్టమైంది కొనుక్కోమనండి. కవరు మీద ముందే రూపాయి బిళ్ళ అతికించి ఉండే రకం బజార్లో దొరుకుతుంది కదా, అదే. ఇంకో గిఫ్టు కూడా ఉంది, ఖర్చు లేనిది. "ఎలా ప్రిపేరవుతున్నావ్" అని ఆ మూడు రోజులూ ఎవరూ అడగకుండా చూడటం, పొద్దున తొమ్మిది దాకా పడుకోనివ్వడం. ఇది ముందే మీ అత్తయ్యగారితో చెప్పి ఉంచాలి, లేకపోతే ఐదింటికే లేపేస్తారు.

నాలుగేళ్ళ డాలస్ పాపకి ట్యాబు ఉండనే ఉంటుంది. అక్కడ దొరకనిది ఇవ్వండి. ఏటికొప్పాక లక్కపిడతలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఆ ఊరు. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క పూస్తారు. రంగులు చెట్ల ఆకులు, గింజలు, బెరడుల నుంచి తీసినవి. చిన్న పొయ్యి, బిందె, తిరగలి, పప్పుగుత్తి, అన్నీ నున్నగా, మొనలు లేకుండా ఉంటాయి. లేపాక్షి ఎంపోరియంలో దొరుకుతాయి. కొండపల్లి బొమ్మలు కూడా ఇవ్వొచ్చుగా అంటారేమో. అవి చూసుకోవడానికి అందమే గానీ, తెల్ల పొణికి కర్ర తేలికైంది, ఏనుగు తొండాలు, ఎడ్ల కొమ్ములు చిన్నపిల్లల చేతిలో సాయంత్రందాకా ఆగవు. లక్కపిడతలు ఇచ్చి ఊరుకోకండి. మామ్మగారి పక్కన కూర్చోబెట్టి దేన్ని ఏమంటారో ఆవిడ చేతే చెప్పించండి. భాష రాని మునిమనవరాలికీ కళ్ళు సరిగ్గా ఆనని మామ్మకీ మధ్య మాట కలవడానికి తిరగలి కంటే మంచిది ఏముంది?

అక్క బొమ్మల్లో చిన్న చిన్నవి మాత్రం బాబుకి అందకూడదు. పది నెలల పిల్లలు దేన్నైనా నోట్లోనే పెట్టుకుంటారు. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో మూడు సెంటీమీటర్ల కంటే చిన్న ముక్క ఏదైనా గొంతులో ఇరుక్కునే ప్రమాదముంది. పది రూపాయల బిళ్ళ దాదాపు అంత ఉంటుంది, లెక్కకి అది గుర్తు పెట్టుకోండి. వీటన్నిటికంటే భయంకరమైనవి పాడే బొమ్మల్లో, మెరిసే స్టార్లలో, లైట్ల రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీలు. మింగితే గంటల్లోనే అన్నవాహికని లోపల కాల్చేస్తాయి. మింగాడని అనుమానమొచ్చినా సరే, ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. స్క్రూతో మూసిన బ్యాటరీ గది లేని బొమ్మ ఏదీ ఆ ఇంటికి తేకండి, తెచ్చినవాళ్ళున్నా తీసి దాచేయండి. ఫ్యాక్టరీలో చేసిన బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూసి కొనండి. చేతివృత్తుల వాళ్ళ బొమ్మలకి మినహాయింపు ఉంది కాబట్టి ఏటికొప్పాకవాటి మీద ఆ గుర్తు కనిపించకపోయినా కంగారు పడక్కర్లేదు. బాబుకి మీరిచ్చేది చేతిలో పట్టే చెక్క గిలక్కాయ చాలు. వాడెలాగూ దాన్ని పక్కన పెట్టి ప్యాకింగ్ కాగితంతో ఆడతాడు.

ఆడపడుచు, తోటికోడలు. వీళ్ళిద్దరికీ ఒకే రకం, ఒకే ధర. ఇందులో రెండో మాట లేదు. రంగు మాత్రం మార్చండి. నరసాపురం లేసు గురించి మీరు విన్నారో లేదో. గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ళు కొక్కెం సూదితో అల్లే పని. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పారు, పల్లెల్లో ఇంటింటా పాకింది. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే భౌగోళిక సూచిక) కూడా వచ్చింది. మన క్రిస్మస్‌కి ఇంతకంటే దగ్గరి చేతిపని ఆంధ్రలో నాకు తట్టడం లేదు. టేబుల్ మీద వేసే లేసు గుడ్డ చెరొకటి తీసుకోండి. తోటికోడలికి ఇంకో సౌకర్యం, అది బరువుండదు, పగలదు. తిరిగి వెళ్ళేప్పుడు 23 కిలోల బ్యాగులో ప్రతి వంద గ్రాములకీ వాళ్ళింట్లో తగాదా ఉంటుంది. పచ్చళ్ళు కట్టాలని అత్తయ్యగారు ఎలాగూ మొదలుపెడతారు. చికెన్, మటన్ పచ్చళ్ళు అమెరికాలోకి రానివ్వరు, విమానాశ్రయంలో పారేయిస్తారు. కందిపొడి కట్టమనండి.

ఆడపడుచు నైట్ డ్యూటీలు చేసే నర్సు కాబట్టి ఆమెకి మెత్తటి చెప్పులు ఇద్దామని మీకు అనిపించొచ్చు. కాలి సైజు కచ్చితంగా తెలియకుండా చెప్పులు కొనకండి. మార్చుకోవడానికి ఒంగోలు నుంచి సికింద్రాబాద్ రాలేదు కదా.

మీవారికేం ఇవ్వాలో నన్నడగలేదు, మంచిదే. మరిదికి, ఆడపడుచు భర్తకి టవళ్ళు, లుంగీలు చాలు. డాలస్ నుంచి వచ్చిన మగవాళ్ళు మొదటి రోజే లుంగీ కోసం వెతుకుతారు.

మీ జాబితాలో ఇద్దరు లేరు. అత్తయ్యగారింట్లో పనిచేసే అమ్మాయి, ఊళ్ళో అయ్యగారి (చర్చి పాస్టరుగారి) కుటుంబం. వీళ్ళకి బట్టలు పెడితే పండగనాడు కాదు, 20వ తేదీలోపే అందాలి. 25 సాయంత్రం ఇస్తే ఎప్పుడు కుట్టించుకుంటారు, ఎప్పుడు కట్టుకుంటారు? మీరు అప్పటికి వెళ్ళకపోతే కుట్టుకూలితో సహా ఫోన్‌పే చేసి మామయ్యగారి చేత ఇప్పించండి.

ఇక మీ మరిది వాళ్ళ సూట్‌కేసు. తూర్పు దేశపు జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, బోళము సమర్పించారని మత్తయి సువార్త రెండో అధ్యాయంలో చదువుతాం. ప్రతి డిసెంబర్‌లో నాటకం వేసేప్పుడు ముగ్గురు కుర్రాళ్ళకి మూడు డబ్బాలిచ్చి నడిపిస్తాం. కానీ అక్కడ ముగ్గురని లేదు. బంగారం తెచ్చినవాడెవరో, సాంబ్రాణి తెచ్చినవాడెవరో కూడా లేదు. కానుకల పేర్లు రాశారు గానీ ఎవరిదేదో రాయలేదు. మీ ఇంట్లోనూ ఈసారి అలా చేసి చూడండి. అత్తయ్యగారి చీర, మామ్మగారి స్పీకరు, మామయ్యగారి కళ్ళజోడు, పిల్లల క్యారమ్స్, వీటి మీద ఏ ఒక్కరి పేరూ రాయకండి. మూడు కుటుంబాలూ కలిసి ఇచ్చినట్టే ఇవ్వండి. మీ మరిదికి ఇప్పుడే ఫోన్ చేసి "ఇక్కడ తిరిగి కొనడం, కుట్టించడం, ఎక్కించడం నేను చూసుకుంటాను, ఖర్చు మూడు భాగాలు చేద్దాం" అనండి. ఆయన సంతోషంగా ఒప్పుకుంటాడు. దూరంగా ఉండేవాళ్ళకి అమ్మకి ఏ సైజు జాకెట్టో, నాన్న కళ్ళజోడు నంబరెంతో తెలియక కదా చాక్లెట్లు మోసుకొచ్చేది. ఇలా చేస్తే మీ పదిహేను వేలల్లో కొంత మిగులుతుంది కూడా. చాక్లెట్లని మాత్రం ఆపకండి, పిల్లలకి అవీ కావాలి. ఇవ్వాల్సిన ట్యాబు ఏదైనా ఉంటే 25 పొద్దున కాకుండా వెళ్ళే రోజు ఇవ్వమని అడగండి. ముందే ఇస్తే క్యారమ్స్ బోర్డు దగ్గర మామయ్యగారొక్కరే మిగులుతారు.

చివరికి విప్పని గృహప్రవేశం గిఫ్టులు. ఇవ్వొచ్చు, తప్పేం లేదు. ప్యాకింగ్ విప్పి లోపల చూడండి, "విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్" అని ఇచ్చినవాళ్ళ కార్డు ఎక్కడో అడుగున ఉంటుంది. స్టీలు గిన్నెలైతే తిప్పి చూడండి, అడుగున పేరు చెక్కించి ఇస్తారు కొందరు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలెవరూ ఈ క్రిస్మస్‌కి ఆ ఇంటికి రారని తేల్చుకున్నాకే తీయండి. గోడ గడియారమైతే మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీ అత్తయ్యగారింట్లో ఇప్పటికే మూడుంటాయి, మూడూ మూడు టైములు చూపిస్తుంటాయి.